గీతంత పచ్చ

మొన్నీమధ్య మంగినపూడి వెళ్ళాం. ఇసకలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న ఒక కుర్రాడు వచ్చి, చాలా మర్యాదగా, "ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు. నాతో వచ్చినవాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. కుర్చీ నేనే ఎత్తుకుని జరిగాను. నా పద్నాలుగో ఏట ఇదే ఇసకలో ఆ మాట నేనెంతమందికి చెప్పి ఉంటానో నాకే తెలియదు. వాళ్ళలో చాలామంది జరగలేదు కూడాను.

ఆ రోజుల్లో నా ఉద్యోగం అదే. మా పిన్ని ఫోటో తీస్తుంటే అందులో మనుషులు పడకుండా చూడటం.

పిన్ని గుడివాడలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. ఆదివారం పొద్దున్నే రైలెక్కి బందరులో మా ఇంటికొచ్చేది. అమ్మ పెట్టిన ఇడ్లీ నిలబడే తినేసి, "అక్కా, పిల్లని తీసుకెళ్తున్నా" అని నన్ను లాక్కుపోయేది. భుజాన తోలు సంచీ, అందులో నలుచదరపు డబ్బా కెమెరా. దాని వెనకాల చిన్న ఎర్ర అద్దం ముక్క ఉండేది, అందులో బొమ్మ నంబరు కనిపించేది. రీలుకి పన్నెండు బొమ్మలు. తోలు వాసన, లోపల రీలు కాగితం వాసన కలిసి ఆ సంచీకి ఒక ప్రత్యేకమైన వాసన. పిన్ని చూడనప్పుడు నేను అందులో మొహం పెట్టి పీల్చేదాన్ని.

ఫోటో అంటే అప్పట్లో మనిషే. పెళ్ళికొకటి, బడి మానేసే ఏడాది ఒకటి, పోయాక గోడకి దండ వేయడానికొకటి. మనిషి లేకుండా ఫోటో తీసే ఆడదాన్ని బందరులో ఎవరూ చూడలేదు. కెమెరా అమ్మిన స్టూడియో భాయ్ గారు మొదటి రీలు కడిగి, పాపం చాలా బాధపడ్డారట. ఆయన పెడనలో అద్దకం పని చేసే కుటుంబం నుంచి వచ్చినవారు, రంగుల మనిషి, మెత్తటి మనిషి. "అమ్మా, రీలంతా వెతికాను, ఒక్క మనిషీ పడలేదు. కెమెరాలో ఏదో లోపం ఉంది, నేనే బాగుచేసి ఇస్తాను" అన్నారు. తను కావాలనే ఖాళీ నేల తీశానని పిన్ని ఆయనకి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నచ్చజెప్పాక కూడా ఆయనకి నమ్మకం కుదరలేదని నా అనుమానం.

మేం తిరిగిన చోట్లు అలాంటివి. మంగినపూడి దారిలో ఉప్పు మడులు, వాటి అవతల ముళ్ళ తుమ్మలు, పగుళ్ళిచ్చి తెల్లగా పొరలేచిన చవిటి నేల, పీతల బొరియలు, ఇంకా అవతల ఇసక దిబ్బలు. నీడ అన్నది ఉండదు. ఎండు చేపల వాసన మాత్రం గాలి ఎటు తిరిగితే అటు వస్తుంది. పచ్చ చూసీ చూసీ మన కళ్ళు మొద్దుబారిపోయాయే, ఇక్కడైతే నేల నేలలా కనబడుతుంది అనేది పిన్ని. ఎండ ఏటవాలుగా పడేదాకా గంటలు గంటలు కూర్చునేది. నేను జాలరి పిల్లల్ని పక్కకి జరపడానికి అమ్మ కట్టిచ్చిన తొక్కుడు లడ్డు తలో ముక్క లంచం ఇచ్చేదాన్ని. వాళ్ళు తిని, మూతి తుడుచుకుని, మళ్ళీ వచ్చి నిలబడేవాళ్ళు. ఇంకో ముక్క వస్తుందని.

గుడివాడలో మా బాబాయి దీన్ని చూసి, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఉప్పు కొనుక్కుంటే మా ఆవిడ ఉప్పుకి ఫోటోలు తీస్తుంది అని నవ్వేవాడు. నవ్వుతూనే రీళ్ళు తెచ్చిపెట్టేవాడు.

ఆ తర్వాత ఉప్పెన వచ్చింది.

దాని గురించి నేను ఎక్కువ చెప్పను. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా తెలియదు. మా అమ్మ నాన్నగారికి, అంటే మా తాతయ్యకి, ఒక అక్క ఉండేది. దివిసీమ చివర, సముద్రానికి దగ్గర ఊళ్ళో కాపురం. అందుకని పిల్లలందరం ఆవిణ్ణి దివి మామ్మ అనేవాళ్ళం. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు, ఆయన పొలం ఈవిడే దగ్గరుండి చేయించుకునేది. ఉప్పెన నాడు ఊరి బడి డాబా మీదకి ఎక్కినవాళ్ళు బతికారు. ఆవిడ ఎక్కింది. అది తెలియక తాతయ్య నీళ్ళలో బురదలో నడిచి, ఊరూరా పడివున్నవాళ్ళ మొహాలు చూసుకుంటూ వెళ్ళి, ఆఖరికి ఆవిణ్ణి పట్టుకున్నాడు. పామిడిముక్కల వైపు తన ఊరికి తీసుకొచ్చాడు. ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి ఆయన రాత్రిళ్ళు అరుగు మీదే కూర్చుని తెల్లవారుస్తున్నాడని అమ్మమ్మ అనేది.

మామ్మ మాఘమాసం దాకా తమ్ముడింట్లో ఉంది. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే లేదు. తన ఊరికి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళందరూ అక్కడ పాకలు వేసుకుంటున్నారని, తనూ ఒకటి వేయించుకున్నానని, పొలం మళ్ళీ లేపుతానని ఎవరిచేతో కబురు పంపింది.

పిన్ని కూడా ఉప్పెన తర్వాత కెమెరా బీరువాలో పెట్టేసింది. తెల్లగా ఎండిన నేల చూసి ఇన్నాళ్ళూ మురిసిపోయానే అని ఆవిడకి లోపల ఏదో అయింది. నేను రెండుసార్లు అడిగి ఊరుకున్నాను.

ఆ వేసవి సెలవుల్లో అందరం తాతయ్య ఇంట్లో చేరాం. ఆవకాయ రోజులు. పెరట్లో కత్తిపీటల చప్పుడు, ఆవపిండి ఘాటుకి ముక్కులు కారడం, అమ్మమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రగా. కలిపిన బేసినులో వేడన్నం వేసి అమ్మమ్మ ముద్దలు పెడుతుంటే పిల్లలం వరసలో నిలబడేవాళ్ళం. ముద్ద తిన్నవాళ్ళు వెనక నుంచి మళ్ళీ వరసలోకి వచ్చేవాళ్ళు. ఏటా అందరి జాడీలూ వరసగా పెట్టి, చివర్న దివి మామ్మ జాడీకి వాసెన కట్టేది అమ్మమ్మ. ఆ ఏడు తాతయ్య, ఆవిడ జాడీ కట్టొద్దు, ఆవిడే ఇక్కడికి వస్తుంది అన్నాడు.

పడమటి గదికి సున్నం వేయించాడు. నులక మంచం బిగించాడు. ఉప్పు తిన్న నేలలో ఏమీ మొలవదని, ఆడకూతురు ఒక్కతే అక్కడ ఏం చేస్తుందని అరుగు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. వాళ్ళూ తలలూపేవారు. చౌడు దిగాలంటే ఎన్నేళ్ళు పడుతుందో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పేవారు. మామ్మ మాత్రం ఎవరు వెళ్ళినా ఒకటే జవాబు పంపేది. వాణ్ణి వచ్చి నా పొలం చూడమను, చూశాక కూడా రమ్మంటే వస్తాను. తాతయ్య వెళ్ళడు. పులిగడ్డ దగ్గర కృష్ణ మీది వంతెన దాటి అటు అడుగు పెట్టనని తెగేసి చెప్పాడు. ఎందుకో ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆవకాయ జాడీ మాట విన్నప్పుడు పిన్ని ముక్కలు తుడుస్తోంది. గుడ్డ పక్కన పెట్టి, నువ్వు వెళ్ళకపోతే నేను వెళ్ళి పొలం ఫోటో తీసుకొస్తాను, చూసి చెప్పు అంది. తాతయ్య షరతు చెప్పాడు.

"పచ్చగా ఏదన్నా మొలిచినట్టు కనబడితే ఈ పంట వరకూ ఆవిడ మాటే. లేదంటే మారుమాట లేకుండా వచ్చెయ్యాలి. నువ్వు తెచ్చిన బొమ్మ నేను నమ్ముతానమ్మాయ్. ఇంకెవరు తెచ్చినా నమ్మను."

పిన్ని గుడివాడ వెళ్ళి బీరువాలోంచి కెమెరా తీసింది. నా ఉద్యోగం నాకు తిరిగొచ్చింది.

పామర్రులో బస్సు మారాం. చల్లపల్లి దాటి, పులిగడ్డ మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు, ఆ తర్వాత ఎడ్లబండి, చివర్న నడక. మొవ్వులు విరిగిపోయి మొండాలు మిగిలిన తాటిచెట్లు. చేలన్నీ తెల్లగా ఉన్నాయి. మంగినపూడి దగ్గర ఉండాల్సిన నేల ఇంత లోపలికి వచ్చి పరుచుకుంది. అడుగేస్తే ఉప్పు పొర చెప్పుల కింద కరకరలాడింది. గట్లు కూడా ఎక్కడివి అక్కడ కరిగిపోయి, ఏది ఎవరి చేనో పోల్చుకోవడానికి లేదు.

మామ్మ తాటాకు పాక ముందు నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూస్తోంది. దగ్గరికెళ్ళగానే చిక్కిపోయావని నన్ను తిట్టింది, ఎండలో పిల్లని తెచ్చావని పిన్నిని తిట్టింది. షరతు విని నవ్వింది. సరే, వాడు బొమ్మ చూసి ఏమంటే అదే అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని మేం అనుకోలేదు.

అన్నంలోకి ఇలకూర పప్పు చేసింది. చవిటి నేలలో తనంతట తనే మొలిచే కూర అది. మామ్మ పప్పులో ఉప్పు వేయలేదు. ఆ ఆకులోనే ఉప్పుంటుంది, వేస్తే నోట పెట్టలేం. అమ్మమ్మ రహస్యంగా కట్టిచ్చిన కొత్తావకాయ నంజుకుంటూ ఆ పప్పన్నం తిన్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని ఊళ్ళలో ఎన్ని పప్పులు తిన్నానో, ఆ రుచి మళ్ళీ తగల్లేదు.

తిన్నాక మామ్మ పొలం చూపించింది. చేనంతా చౌడే. కానీ పిల్లకాలవ పక్కన గట్టు వార, ముందుగా పడ్డ రెండు వానలకి ఉప్పు కాస్త కిందికి దిగిన చోట, జీలుగ మొలకలు ఉన్నాయి. చౌడుని తట్టుకునే మొక్క అది. ఏపుగా పెరిగాక దున్ని మట్టిలో కలిపేస్తే నేల మెత్తబడి, నెమ్మదిగా వరికి దారిస్తుంది. మామ్మ చేనంతా విత్తనం చల్లిందట. మిగతాదంతా మాడిపోయింది, గట్టు వార ఒక్క చాలు నిలిచింది. ఆ చాలుకి పొద్దునా సాయంత్రం బిందెతో మంచినీళ్ళు మోస్తోంది. తాగడానికే నీళ్ళు దొరకని చోట ఆ పని చేస్తున్నందుకు ఊళ్ళోవాళ్ళు ఆవిడకి మతి చలించిందనుకుంటున్నారట. అది కూడా ఆవిడే నవ్వుతూ చెప్పింది.

పిన్ని కెమెరా తీసేసరికి ఊళ్ళో మిగిలినవాళ్ళందరూ వచ్చారు. తలలు తడిపి దువ్వుకుని, ఉన్న బట్టల్లో మంచివి కట్టుకుని వచ్చి నిలబడ్డారు. అలవాటు కొద్దీ నేను జరగండి జరగండి అంటూ ముందుకెళ్ళాను. ఒకావిడ చంకలో పిల్లనెత్తుకుని కదలకుండా నిలబడింది.

"ఇంకో పిల్లుండేదమ్మా. దాని బొమ్మ లేదు మాకు. దీన్నన్నా తియ్యండి" అంది.

పిన్ని నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తర్వాత ఒక్కొక్క కుటుంబాన్నీ నిలబెట్టి తీసింది. అన్నాళ్ళూ మనిషి నీడ పడితే బొమ్మ పాడైందనే మనిషి, ఆ రోజు ముసలివాళ్ళ పైట సర్దింది, పిల్లల ముక్కు తుడిచింది, గెడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. నేనూ ఇద్దరు పిల్లలకి జడలేశాను. పొలానికి చివరి మూడు బొమ్మలే మిగిలాయి.

వాటికోసం పొద్దు వాలేదాకా ఆగాం. ఎండ ఏటవాలుగా పడి, మొలకల నీడలు పొడుగ్గా సాగాక, పిన్ని చీర కొంగు నడుముకి దోపుకుని ఆ ఉప్పులో బోర్లా పడుకుంది. నేనూ పక్కన పడుకున్నాను. మొలకలు మా కళ్ళ ఎత్తున ఉన్నాయి. ఊపిరి బిగబట్టి మూడుసార్లు మీట నొక్కింది. మామ్మ గట్టు మీద నిలబడి, పిచ్చి నాకొక్కదానికే అనుకున్నాను అంది.

మర్నాడు తిరుగు బస్సులో నాకు ఒక సంగతి తట్టింది. "పిన్నీ, ఇది నలుపు తెలుపు రీలు కదా. పచ్చ ఎలా కనబడుతుంది?"

పిన్ని నా వైపు చూసింది. వ్యవసాయంలో తలపండిన తాతయ్యకీ, ఆయన షరతుకి సరే అన్న మామ్మకీ, పిల్లలకి రంగులు కలపడం నేర్పే డ్రాయింగ్ టీచరుకీ, ముగ్గురికీ తట్టలేదు. పచ్చ అన్నది మా వైపు అంత మామూలు సంగతి. అది ఫోటోలో రాదని ఎవరికీ గుర్తుండదు.

భయపడినట్టే అయింది. మనుషుల బొమ్మలు చాలా బాగా వచ్చాయి. పొలం బొమ్మలు రెండు మసకబారాయి. ఒకటి మాత్రం కుదిరింది. కానీ అందులో చౌడూ బూడిద రంగే, మొలకలూ బూడిద రంగే. తెలిసిన మాకే మొలకలు మరకల్లా కనిపించాయి. భాయ్ గారు చూసి, దానికేముందమ్మా, రంగు వేసిస్తాను అన్నారు. పెళ్ళి ఫోటోల్లో చీరలకి, పూలదండలకి రంగులద్దడంలో ఆయన చెయ్యి బందరులో పేరున్న చెయ్యి. పొలం ఫోటో అనీ, పచ్చదనం బాగా కనబడాలనీ, వాళ్ళ నాన్నగారు చూసేదల్లా అదేననీ పిన్ని చెప్పి వచ్చింది. అంతకుమించి ఏం చెప్పాలో తోచలేదు.

మర్నాడు వెళ్ళేసరికి భాయ్ గారు ఫోటోని ఎర్ర గుడ్డలో చుట్టి ఉంచారు. గుడ్డ విప్పి, మా మొహాలు చూస్తూ పక్కకి నిలబడ్డారు.

దివిసీమ చివర అలాంటి పొలం ఎప్పుడూ లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ముదురాకు పచ్చ. పైన లేత నీలం ఆకాశం. పొలానికి కాస్త కళ ఉంటుందని మూలగా రెండు తెల్ల కొంగల్ని కూడా వేశారు. గదిలో మందుల వాసన, తైలపు వాసన. పిన్ని నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"పొలం అన్నారు కదమ్మా. పొలమంటే పచ్చగా ఉంటది కదా" అన్నారు భాయ్ గారు కొంచెం కంగారుగా.

నేను ఆ ఫోటో చేతిలోకి తీసుకున్నాను. ఇది చూస్తే తాతయ్య ఇంకేం అనలేడు. మామ్మ తన పాకలో తను ఉంటుంది. "ఇదే చూపిద్దాం పిన్నీ" అన్నాను. మనం అబద్ధం చెప్పలేదుగా, ఆయన వేశారు, మనం ఇచ్చాం, అంతేగా అని కూడా అన్నాను. పద్నాలుగేళ్ళకే వకీలుని.

పిన్ని పెళ్ళికూతుళ్ళు కూర్చునే ఎత్తు కుర్చీలో కూలబడింది. చాలాసేపు ఆ కొంగల్ని చూస్తూ కూర్చుంది. ఆవిడకి తన మేనత్త మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. చివరికి నెమ్మదిగా అంది. "మా నాన్న నన్ను నమ్ముతానన్నాడు భాయ్ గారూ."

భాయ్ గారు దూది తీసుకుని సీసాలోని తైలంతో తడిపారు. ముందు కొంగలు పోయాయి. తర్వాత ఆకాశం. తర్వాత మళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ బూడిద రంగుకి తిరిగాయి. ఆయన పని ఆయనే తుడిచేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అంతా తుడిచాక సన్న కుంచె తీసి, నన్ను దగ్గరికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టారు. "నువ్వు చూశావు కదా బేటీ. ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పు" అన్నారు.

గట్టు మొదట్లో వేలు పెట్టి చూపించాను. కుంచె కదిలింది. లేత పచ్చ, మొలక రంగు. కళ్ళు మూసుకుంటే ఆ సాయంత్రం ఆ ఉప్పులో పడుకుని చూసినవన్నీ కనబడుతున్నాయి. గట్టు మలుపు తిరిగే చోట మొలకలు అయిపోతాయి. ఇంకో జానెడు సాగనిస్తే ఏం పోయిందని మనసులో అనిపించింది. పిన్ని నా వైపు చూడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇక్కడ ఆపండి" అన్నాను.

బూడిద రంగు చేను మధ్య గీతంత పచ్చ. అంతే. భాయ్ గారు కుంచె కడిగేశారు. ఊరివాళ్ళ ఫోటోలకి ఇంకో వరస తనే తీసిచ్చారు, నీళ్ళకి తడిస్తే మళ్ళీ తీసిస్తానని కూడా చెప్పమన్నారు. ఇంటికెళ్ళేదాకా నాకు పిన్ని మీద కోపమే. ఓడిపోవడానికి ఇంత కష్టపడాలా అని.

తాతయ్య ఫోటోని అరుగు మీదకి, ఎండలోకి పట్టుకెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదట అడిగిన మాట, ఈ రంగు ఎవరు వేశారని. పిన్ని ఏదీ దాచకుండా చెప్పింది. రీలు సంగతి, చేనంతా పచ్చ వేసిన సంగతి, తుడిచిన సంగతి. కొంగల దగ్గరికి వచ్చేసరికి తాతయ్య భుజాలు కదలడం మొదలెట్టాయి. "కొంగలు కూడానా" అని నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. లోపల్నుంచి అమ్మమ్మ పరిగెత్తుకొచ్చింది. ఉప్పెన తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినడం అదే.

తర్వాత మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని ఆ గీతనే చూస్తూ అడిగాడు. "జీలుగేనా?"

"జీలుగే."

"చెదురుమదురుగా ఉందా, వరసగా ఉందా?"

నేను చెప్పాను, వరసగా ఉంది, మామ్మ బిందెతో నీళ్ళు పోస్తోంది అని. తాతయ్య ఫోటో అరుగు మీద పెట్టి లేచాడు. చేనంతా పచ్చగా ఉన్న బొమ్మ తెచ్చి ఉంటే నీ మొహాన కొట్టేవాణ్ణి అని పిన్నితో అన్నాడు. కొట్టులోకి వెళ్ళి జీలుగ విత్తనాల బస్తా బయటికి లాగించాడు. రేపు బస్సుకి నేనూ వస్తున్నానన్నాడు. అమ్మమ్మ వెళ్ళి మామ్మ జాడీకి వాసెన కట్టింది.

పులిగడ్డ వంతెన మీద బస్సు నడుస్తున్నంతసేపూ తాతయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. బండి దిగి నడిచేటప్పుడు అటూ ఇటూ చూడలేదు, విత్తనాల బస్తా మోస్తూ ముందు నడిచే బండివాడి వీపే చూస్తూ నడిచాడు.

దివి మామ్మ పాక ముందు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఉతికిన జరీ అంచు చీర కట్టుకుంది. పక్కన చుట్టిన చాప, కడిగి బోర్లించిన రెండు గిన్నెలు. పాక తలుపు తాడుతో కట్టేసి ఉంది. తాతయ్యని చూసి లేచి నిలబడింది. ఆయనే స్వయంగా వచ్చాడంటే తీసుకెళ్ళడానికేనని అనుకుంది. అసలు అంత చిన్న మొలకలు ఫోటోలో కనబడతాయని ఆవిడ ఏ రోజూ అనుకోలేదట. మేం తిరిగి వెళ్ళిన సాయంత్రమే సామాను సర్దుకుని, రోజూ బండి వచ్చే వేళకి ఇలా కూర్చుంటోందట.

"వచ్చావా తమ్ముడూ. మాటిచ్చాను కదా, పద" అంది. గొంతు బాగానే ఉంది. చేతులే, ఏం చెయ్యాలో తెలియక చీర అంచు పట్టుకున్నాయి.

తాతయ్య ఆవిడ పక్కనుంచి గట్టు దాకా నడిచాడు. వంగి మొలకల్ని ముట్టుకున్నాడు. కాస్త మట్టి తీసి నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. తిరిగొచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"పొలం గురించి కాదక్కయ్యా" అన్నాడు. "నాకు భయం. మళ్ళీ ఇంకోసారి నిన్ను వెతకలేను."

ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని మేమెవరం అనుకోలేదు. మామ్మ తమ్ముడి మొహంలోకి చూసింది.

"నాకు మాత్రం లేదట్రా భయం? గాలి వేస్తే లేచి కూర్చుంటాను. అయినా ఇక్కడైతే పడుకున్నాక కాసేపటికన్నా నిద్రపడుతోంది. మీ ఇంట్లో ఒక్క రాత్రి పట్టలేదు. నా వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు కదా, ఉన్నవాళ్ళూ, పోయినవాళ్ళూను."

తాతయ్య తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, తలుపుకి కట్టిన తాడు విప్పి, వంగి ట్రంకుపెట్టె ఎత్తాడు. ఆ వయసులో ఎత్తాల్సిన బరువు కాదది. బండివాడు అందుకోబోతే ఇవ్వలేదు. పెట్టెతో వంగి పాకలోకి దూరి, లోపల్నుంచి అడిగాడు.

"ఏ మూల పెట్టమంటావు?"

మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్ని వెళ్ళి ఆవిడ భుజాలు పట్టుకుంది.

మేం ఇద్దరం తిరిగొచ్చేశాం. తాతయ్య రాలేదు. వాన పడేదాకా ఉన్నాడు, పడ్డాక చల్లాడు, జీలుగ నడుమెత్తు లేచి దాన్ని దున్ని మట్టిలో కలిపేదాకా ఉన్నాడు. ఆ ఏడాది వరి పండలేదు. ఆ పై ఏడాది కొంచెం పండింది, ఆ తర్వాత ఇంకొంచెం. మామ్మ తన కాలం చెల్లేవరకూ ఆ ఊళ్ళోనే ఉంది.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. భాయ్ గారి స్టూడియో ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేను జీవితంలో చాలాచోట్ల, చాలామంది ముందు, ఇంకో జానెడు సాగనిస్తే ఏం పోయింది అనుకున్న సందర్భాలున్నాయి. సాగనివ్వకుండా ఆపినప్పుడల్లా లోపల్లోపల పిన్నికి దండం పెట్టుకున్నాను. నాకు అంత మంచి పెంపకం ఇచ్చినవాళ్ళు, ఇస్తున్నామని వాళ్ళకే తెలియదు.

ఆ జీలుగ దున్నాక తాతయ్య ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మనిషి నల్లబడిపోయాడు, ఉప్పుకి మడమలు బద్దలై రక్తం కారుతోంది. అమ్మమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తూ, అక్కడ ఇన్నాళ్ళుండి ఏం బావుకున్నారు అని సణిగింది.

తాతయ్య స్తంభానికి జారబడి కళ్ళు మూసుకున్నాడు.

"నిద్ర పట్టిందే" అన్నాడు.